ఉప్పు పన్ను నుండి సంపద పన్ను వరకు

1930 మార్చి 2వ తేదీన మహాత్మా గాంధీ సబర్మతి ఆశ్రమం నుండి వైస్రాయి ఇర్విన్ ప్రభువుకు ఒక లేఖ వ్రాశారు. ఆ లేఖలో రెండు విషయాలు ప్రధానంగా కనిపిస్తాయి. మొదటిది వైస్రాయి జీతం. నెలకు 21,000 రూపాయలు, అనగా రోజుకు 700 రూపాయలకు పైగా పుచ్చుకొనే పాలకుని రాబడి, రోజుకు రెండణాలైనా లేని సగటు భారతీయుని రాబడికి ఐదువేల రెట్లు మించి ఉన్నదని గాంధీజీ లెక్క కట్టి చూపారు. రెండవది ఉప్పు పన్ను. ఎండలో ఒళ్ళు వంచి పనిచేసే పేదవానికి ధనికుని కంటె ఎక్కువ ఉప్పు అవసరం. కనుక ఆ పన్ను భారం పేదవానిపైనే అధికంగా పడుతున్నదని ఆయన వాదించారు.

ఆ లేఖకు తగిన సమాధానం రాలేదు. మార్చి 12న దండి యాత్ర మొదలైంది. ఏప్రిల్ 6న గాంధీజీ సముద్రతీరాన ఉప్పు చేతబట్టి చట్టాన్ని ఉల్లంఘించారు. ఆంధ్ర తీరంలో మచిలీపట్నం, దేవరంపాడు మొదలైన చోట్ల ప్రజలు ఉప్పు వండారు. తుదకు 1947 ఫిబ్రవరిలో తాత్కాలిక ప్రభుత్వపు ఆర్థిక మంత్రి లియాఖత్ అలీ ఖాన్ ప్రవేశపెట్టిన బడ్జెట్టు ఉప్పు పన్నును రద్దు చేసింది. ఆ బడ్జెట్టే భారీ వ్యాపార లాభాలపైనా, మూలధన లాభాలపైనా కొత్త పన్నులు ప్రతిపాదించింది. పేదవాని భుజం మీది బరువును దించి, కలవాని భుజం మీదికి మార్చాలన్న ఆలోచన అందులో స్పష్టంగా ఉన్నది.

ఆ ఆలోచన స్వతంత్ర భారతంలో ఎంతవరకు నెరవేరింది? సంపద మీద పన్ను విధించి అసమానతలను తగ్గించాలన్న ప్రయత్నం దేశంలో ఆరు దశాబ్దాలు సాగింది. ఆ చరిత్ర నుండి ఈనాటి విద్యార్థి నేర్చుకోదగిన పాఠం ఒకటున్నది. పన్ను ఎంత ఎక్కువ రేటులో ఉన్నదన్నది ఒక ప్రశ్న. అది ఎవరిని చేరుతున్నది, ఎవరిని విడిచిపెడుతున్నది అన్నది మరొక ప్రశ్న. అసమానతల విషయంలో రెండవ ప్రశ్నే ముఖ్యం.

రాజ్యాంగం ఏమంటున్నది?

భారత రాజ్యాంగం 265వ అధికరణం ప్రకారం చట్టపు ఆధారం లేకుండా ఏ పన్నూ విధించరాదు, వసూలు చేయరాదు. పన్ను వేసే అధికారం రాజుది కాదు, ప్రజాప్రతినిధులది. 39వ అధికరణం ఆర్థిక వ్యవస్థ పనితీరు వల్ల సంపద, ఉత్పత్తి సాధనాలు ప్రజాహితానికి భంగకరమైన రీతిలో కొద్దిమంది చేతులలో కేంద్రీకృతం కాకుండా చూడవలెనని నిర్దేశిస్తున్నది. 1978లో 44వ సవరణ ద్వారా 38వ అధికరణానికి మరొక మాట చేరింది. ఆదాయాలలోని అసమానతలను తగ్గించడానికి రాజ్యం కృషి చేయాలి. వ్యక్తుల మధ్యనే కాక, వేర్వేరు ప్రాంతాలలో నివసించే ప్రజా సమూహాల మధ్య కూడా అసమానతలను తొలగించడానికి పాటుపడాలి అన్నదే ఆ మాట.

ఇవి ఆదేశిక సూత్రాలు. వీటి అమలు కోసం న్యాయస్థానాన్ని ఆశ్రయించే వీలు లేదు. కాని శాసనాలు చేసేటప్పుడు వీటిని పాటించడం రాజ్యపు విధి అని రాజ్యాంగమే చెప్పింది. ఈ విధిని నెరవేర్చడానికి రాజ్యం చేతిలో ఉన్న శాంతియుత సాధనాలలో పన్ను ముఖ్యమైనది.

అధికారాల పంపకంలో మరొక ముఖ్యాంశం ఇమిడి ఉన్నది. ఆదాయంపైనా, ఆస్తిపైనా పన్ను వేసే అధికారం కేంద్రానిది. వ్యవసాయ ఆదాయంపై పన్ను వేసే అధికారం మాత్రం రాష్ట్రాలది. ఈ విభజన తరువాతి కథలో చాలా దూరం వెంట వస్తుంది.

రెండు కుటుంబాల లెక్క

పన్నులు స్థూలంగా రెండు విధాలు. ఆదాయం మీదనో, ఆస్తి మీదనో నేరుగా విధించేవి ప్రత్యక్ష పన్నులు. వస్తువుల మీద, సేవల మీద విధించగా ధరలో కలిసి కొనుగోలుదారును చేరేవి పరోక్ష పన్నులు. ఈ భేదం అసమానతలతో ఎలా ముడిపడి ఉన్నదో ఒక ఊహాత్మకమైన లెక్కతో గ్రహించవచ్చు.

ఒక కూలి కుటుంబం నెలకు 12,000 రూపాయలు సంపాదించి, ఆ మొత్తాన్నీ ఖర్చు చేస్తున్నదనుకుందాం. మరొక కుటుంబం నెలకు 12 లక్షలు సంపాదించి, 3 లక్షలు ఖర్చు చేస్తున్నదనుకుందాం. ఖర్చులో సగటున పదోవంతు పరోక్ష పన్నుల రూపంలో పోతే, మొదటి కుటుంబం చెల్లించేది 1,200 రూపాయలు. అది వారి ఆదాయంలో 10 శాతం. రెండవ కుటుంబం చెల్లించేది 30,000 రూపాయలు. అది వారి ఆదాయంలో రెండున్నర శాతమే. రూపాయలలో చూస్తే ధనిక కుటుంబమే ఎక్కువ చెల్లించింది. ఆదాయంతో పోల్చి చూస్తే పేద కుటుంబం మోసిన భారం నాలుగింతలు.

ఇంతటితో లెక్క ముగియదు. రెండవ కుటుంబానికి నెలకు 9 లక్షల రూపాయలు మిగులుతున్నవి. ఆ మిగులు భూమిగా, భవనాలుగా, బంగారంగా, వాటాలుగా మారుతుంది. అదే సంపద. ఆ సంపద మరుసటి సంవత్సరం తానే అద్దె, వడ్డీ, డివిడెండ్ల రూపంలో ఆదాయాన్ని తెస్తుంది. తుదకు వారసత్వంగా బిడ్డలకు సంక్రమిస్తుంది. ఆదాయంలోని అంతరం ఒక తరానికి సంబంధించినదైతే, సంపదలోని అంతరం తరతరాలకు సంబంధించినది. అందుచేతనే ఆధునిక రాజ్యాలు ఆదాయంతో పాటు సంపదను, వారసత్వాన్ని కూడా పన్నుల పరిధిలోకి తేవడానికి యత్నించాయి.

పరోక్ష పన్నులన్నీ అన్యాయమైనవని దీని భావం కాదు. నిత్యావసరాలను మినహాయించి, విలాస వస్తువులపై హెచ్చు రేటు విధిస్తే వాటిలోనూ కొంత న్యాయం సాధించవచ్చు. 2017 జులై 1న అమలులోకి వచ్చిన వస్తు సేవల పన్నులో ఉప్పుకు పూర్తి మినహాయింపు లభించింది. కాని ఒక వస్తువుపై పన్ను కొనేవాని ఆర్థిక స్థితిని బట్టి మారదు. సబ్బుబిళ్ళ కొన్న ఇద్దరూ ఒకే పన్ను చెల్లిస్తారు. ఆ లోటును పూరించవలసిన బాధ్యత ప్రత్యక్ష పన్నులపైనే ఉన్నది.

కాల్డర్ సూచించిన ఐదు పన్నులు

స్వతంత్ర భారతం ఈ దిశలో వేసిన మొదటి పెద్ద అడుగు 1953లో చేసిన ఎస్టేట్ డ్యూటీ చట్టం. మరణించిన వ్యక్తి విడిచి వెళ్ళిన ఆస్తి ఒక పరిమితిని మించితే దానిపై సుంకం విధించడం ఈ చట్టపు ఉద్దేశం. సుంకం వసూలు చేసేది కేంద్రమే అయినా, రాజ్యాంగంలోని 269వ అధికరణం ప్రకారం నికర రాబడి రాష్ట్రాలకు చెందేది.

1956 ప్రారంభంలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త నికొలస్ కాల్డర్ భారతదేశానికి వచ్చి పన్నుల వ్యవస్థను పరిశీలించారు. ఏ ఆదాయమూ లేని ఒక బిచ్చగాణ్ణి, తన ధనమంతా నగలుగా, బంగారంగా దాచుకొన్న ఒక ధనికుణ్ణి ఆయన ఉదాహరణగా తీసుకొన్నారు. ఆదాయమే కొలబద్ద అయితే ఇద్దరి పన్ను చెల్లింపు శక్తీ శూన్యమే. కాబట్టి ఆదాయం ఒక్కటే చాలదని ఆయన అభిప్రాయం.

ఆదాయపు పన్ను, మూలధన లాభాల పన్ను, వార్షిక సంపద పన్ను, వ్యయ పన్ను, దాన పన్ను — ఈ ఐదింటినీ కలిపి ఒకే పథకంగా అమలు చేయవలెనని ఆయన సూచించారు. ఒక దానికి ఇచ్చిన వివరాలు మరొక దానికి సాక్ష్యంగా నిలుస్తాయి. ఆదాయం దాచినవాడు ఖర్చు దగ్గర పట్టుబడతాడు. ఖర్చూ దాచినవాడు ఆస్తి దగ్గర పట్టుబడతాడు. ఆస్తిని బంధువుల పేర మారిస్తే దాన పన్ను ఎదురవుతుంది. అమ్మితే మూలధన లాభాల పన్ను వర్తిస్తుంది. ఇంత గట్టి వల ఉన్నప్పుడు ఆదాయపు పన్ను అత్యధిక రేటు 45 శాతం ఉంటే చాలునని ఆయన వాదన. రేటు తగ్గాలి, పరిధి విస్తరించాలి, ఎగవేత ఆగాలి అన్నది ఆ పథకంలోని సారాంశం.

ఆర్థిక మంత్రి టి. టి. కృష్ణమాచారి కాలంలో 1957లో సంపద పన్ను, వ్యయ పన్ను చట్టాలు వచ్చాయి. 1958లో దాన పన్ను వచ్చింది. పొరుగున ఉన్న సిలోను కూడా కాల్డర్ సలహాను అనుసరించి 1959లో ఇటువంటి పన్నులను ప్రవేశపెట్టింది. కాల్డర్ చెప్పిన పన్నులన్నీ భారతదేశంలో కనిపించాయి. ఐతే వాటిని కలిపి ఉంచవలసిన షరతులు మాత్రం కనిపించలేదు. ఆదాయపు పన్ను రేట్లు ఆయన సూచించిన స్థాయికి దిగలేదు. ప్రతి పన్నుకూ మినహాయింపులు పెరుగుతూ పోయాయి. వ్యయ పన్ను 1962లో రద్దయింది, 1964లో పునరుద్ధరించబడింది, 1966లో మరల రద్దయింది. వలలో ఒక పోగు తెగిపోగా, మిగిలిన పోగులు సడలిపోయాయి.

రేటు పెరిగింది, రాబడి పెరగలేదు

1960లో ప్రభుత్వం ఆచార్య మహలనోబిస్ అధ్యక్షతన ఆదాయాల పంపిణీని పరిశీలించడానికి ఒక సంఘాన్ని నియమించింది. పదేళ్ళ ప్రణాళికల తరువాత కూడా ఆర్థిక శక్తి కేంద్రీకరణ గణనీయంగానే ఉన్నదని 1964లో వెలువడిన ఆ సంఘం నివేదిక తేల్చింది. ప్రభుత్వం రేట్లు పెంచుతూ పోయింది. 1970ల ఆరంభానికి 2 లక్షల రూపాయలకు మించిన ఆదాయంపై సర్‌చార్జితో కలిపి పన్ను 97.75 శాతానికి చేరింది. సంపద పన్ను అత్యధిక రేటు 5 శాతం అయింది. ఎస్టేట్ డ్యూటీ అత్యధిక రేటు 85 శాతం వరకు వెళ్ళింది.

ఈ రేట్ల అర్థం ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. అత్యున్నత శ్రేణిలోని ధనికునికి 100 రూపాయల ఆస్తి మీద 10 రూపాయల రాబడి వచ్చిందనుకుందాం. ఆదాయపు పన్ను పోగా మిగిలేది ఇరవై రెండున్నర పైసలు. అదే ఆస్తిపై సంపద పన్ను 5 రూపాయలు. అనగా, చట్టాన్ని అక్షరాలా పాటించిన ధనికుడు పన్ను కట్టడానికి ఏటేటా ఆస్తిలో కొంత అమ్ముకోవాలి. చట్టం కోరినట్టే జరిగి ఉంటే పెద్ద పెద్ద ఆస్తులు కొద్ది సంవత్సరాలలో కరిగిపోవలసింది. అలా జరగలేదు. దానికి కారణాలు నాలుగు.

మొదటిది ఎగవేత. 1956లోనే కాల్డర్ ఎగవేతకు గురైన ఆదాయపు పన్నును 200 కోట్ల నుండి 300 కోట్ల రూపాయల వరకు అంచనా కట్టారు. విశ్రాంత ప్రధాన న్యాయమూర్తి కె. ఎన్. వాంచూ అధ్యక్షతన ఏర్పడిన ప్రత్యక్ష పన్నుల విచారణ సంఘం, 1968–69లో పన్ను తప్పించుకొన్న ఆదాయం 1,400 కోట్ల రూపాయలని 1971లో అంచనా వేసింది. విపరీతమైన రేట్లే ఎగవేతకు ప్రధాన కారణమని చెప్పి, సర్‌చార్జితో కలిపి 75 శాతం మించరాదని సిఫారసు చేసింది. దాచిన రూపాయికి 97 పైసలు లాభం వచ్చే చోట దాచడమే వ్యాపారంగా మారడంలో ఆశ్చర్యం లేదు. దాచిన ధనాన్ని స్వచ్ఛందంగా వెల్లడించేవారికి 1951, 1965, 1975, 1997 సంవత్సరాలలో ప్రభుత్వాలు ప్రత్యేక పథకాలు ప్రకటించాయి. ఇటువంటి పథకం వచ్చిన ప్రతిసారీ, సకాలంలో పన్ను చెల్లించిన నిజాయితీపరునికి తానే నష్టపోయినట్లు తోచడం సహజం.

రెండవది మదింపులోని కష్టం. జీతం ఎంతో జీతాల పట్టీ చెబుతుంది. భవనం విలువ, రత్నం విలువ ఎవరు చెప్పాలి? ఇందుకు తెలుగు దేశంలోనే ప్రసిద్ధమైన ఉదాహరణ ఉన్నది. హైదరాబాదు నిజాము ఆభరణాల విలువను గూర్చి ట్రస్టుకూ ప్రభుత్వానికీ మధ్య దీర్ఘకాలం వివాదం నడిచింది. తుదకు 1995లో ప్రభుత్వం వాటిని దాదాపు 218 కోట్ల రూపాయలకు కొన్నది. అమ్మకానికి పెట్టిన నగల విషయంలోనే ఇంత వివాదం ఉంటే, ఇనుప పెట్టెలోని నగలకు ఏటేటా విలువ కట్టడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

మూడవది చట్టమే ఇచ్చిన వెసులుబాట్లు. ట్రస్టులు, అవిభక్త హిందూ కుటుంబాలు పన్ను లెక్కలో వేర్వేరు విభాగాలు. ఒకే ఆస్తిని అనేక విభాగాలుగా చీల్చితే ప్రతి భాగమూ తక్కువ రేటులోకి దిగివస్తుంది. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. న్యాయవాదులు, లెక్కల నిపుణులు అందుబాటులో ఉన్నవారికి ఈ మార్గాలు తెరిచి ఉంటాయి. నెల జీతగానికి అవి అందవు.

నాలుగవది వ్యవసాయ ఆదాయం. ఇది రాష్ట్రాల పరిధిలోనిది కావడం వల్ల కేంద్రపు ఆదాయపు పన్నుకు వెలుపల ఉండిపోయింది. దేశంలో రైతులలో అత్యధికులు చిన్న కమతాలవారు. వారిపై పన్ను వేయవలెనని ఎవరూ కోరరు. ప్రశ్న పెద్ద భూస్వాములది. 1972లో నియమితమైన కె. ఎన్. రాజ్ సంఘం కమతపు పరిమాణాన్ని, దిగుబడిని బట్టి ఒక పన్నును సూచించింది. అది అమలుకు నోచుకోలేదు. ఆంధ్రప్రదేశ్ 1973లో భూ గరిష్ఠ పరిమితి చట్టం చేసి వేరొక మార్గాన్ని చేపట్టింది. అక్కడా బినామీ బదిలీల వల్ల చట్టపు ఆశయం చాలావరకు నీరుకారింది. మరొక ప్రమాదం కూడా ఉన్నది. పన్ను లేని ఆదాయం ఒకటి ఉన్నప్పుడు, ఇతర ఆదాయాన్ని కూడా ఆ పద్దు కింద చూపించుకొనే ఆకర్షణ కలుగుతుంది.

ఉపసంహరణ

1970ల మధ్య నుండి రేట్లు దిగిరావడం మొదలైంది. 1985లో ఆర్థిక మంత్రి వి. పి. సింగ్ ఆదాయపు పన్ను అత్యధిక రేటును 50 శాతానికీ, సంపద పన్నును 5 నుండి 2 శాతానికీ తగ్గించారు. ఎస్టేట్ డ్యూటీని పూర్తిగా రద్దు చేశారు. ఆ సుంకం ద్వారా ఏటా వచ్చేది సుమారు 20 కోట్ల రూపాయలు మాత్రమేననీ, వసూలు ఖర్చు అధికమనీ ఆయన పార్లమెంటుకు వివరించారు. 85 శాతం వరకు వెళ్ళిన రేటు, ముప్ఫై ఏళ్ళ తరువాత ఏడాదికి 20 కోట్లు! చట్టంలో వ్రాసిన అంకెకూ ఖజానాకు చేరిన రూపాయికీ మధ్య ఎంత దూరమో చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అవసరం లేదు.

1992లో రాజా చెల్లయ్య సంఘం సూచనల మేరకు సంపద పన్ను స్వరూపం మారింది. వాటాలు, బాండ్లు, బ్యాంకు డిపాజిట్లు దాని పరిధి నుండి తొలగిపోయాయి. నగలు, కార్లు, పట్టణ స్థలాలు మొదలైన అనుత్పాదక ఆస్తులు 15 లక్షల రూపాయలు మించితే 1 శాతం పన్ను నిలిచింది. ప్రజల పొదుపు ఉత్పాదక రంగాలకు మరలవలెనన్న ఉద్దేశం మంచిదే. ఐతే, ఆర్థిక సంస్కరణల పిమ్మట పెద్ద సంపదలు కూడబడింది ముఖ్యంగా కంపెనీల వాటాలలోనే. సంపద పెరిగే చోటును విడిచిపెట్టిన సంపద పన్నుకు ఇక మిగిలిన బలం స్వల్పం.

దాన పన్ను 1998లో ముగిసింది. 2013–14లో సంపద పన్ను వసూలు 1,008 కోట్ల రూపాయలు. ఆ ఏడాది కేంద్రపు స్థూల పన్నుల రాబడి 11 లక్షల కోట్లు దాటింది. అనగా వెయ్యి రూపాయలలో ఒక్క రూపాయి కూడా కాదు. 2015లో ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ సంపద పన్నును రద్దు చేసి, బదులుగా కోటి రూపాయలకు మించిన ఆదాయం కలవారిపై 2 శాతం అదనపు సర్‌చార్జి విధించారు. దాని వలన 9,000 కోట్ల రూపాయలు రాగలవని అంచనా. వసూలు దృష్టితో ఇది లాభసాటి మార్పే.

ఐనప్పటికీ రెండు విషయాలు గమనించదగినవి. సర్‌చార్జి ఆదాయంపై పడుతుంది; ఆదాయం చూపని సంపదను తాకదు. కాల్డర్ చెప్పిన బంగారపు ధనికుడు మరల తప్పించుకొన్నట్లే. ఇక రెండవది సమాఖ్యకు సంబంధించినది. సంపద పన్ను రాబడి రాష్ట్రాలతో పంచుకోదగిన నిధిలో భాగం. సర్‌చార్జి రాబడి రాజ్యాంగం ప్రకారం పూర్తిగా కేంద్రానిది. ధనికుల నుండి వచ్చే రాబడిలో వెనుకబడిన రాష్ట్రాలకు దక్కే వాటా కూడా అసమానతల ప్రశ్నలో ఒక భాగమే. 38వ అధికరణం వేర్వేరు ప్రాంతాల ప్రజలను ప్రత్యేకంగా పేర్కొన్నది ఇందుకే.

నేటి స్థితి

2024లో ప్రపంచ అసమానతల పరిశోధనశాలకు చెందిన ఆర్థికవేత్తలు భారతదేశాన్ని గూర్చి ఒక అధ్యయనం వెలువరించారు. వారి అంచనాలో 1980ల ఆరంభాన జాతీయాదాయంలో 6 శాతం ప్రాంతంలో ఉన్న అగ్రస్థానపు ఒక్క శాతం జనుల వాటా, 2022–23 నాటికి 22.6 శాతానికి పెరిగింది. సంపదలో వారి వాటా 40.1 శాతం. ఈ అంచనాల పద్ధతిపై ఆర్థికవేత్తలలో భేదాభిప్రాయాలు ఉన్నాయి. 1980ల నాటి అంకెలు పన్ను లెక్కలపై ఆధారపడినవి కనుక, ఆనాడు దాచిన ఆదాయం వాటిలోకి రాలేదనడానికి ఆస్కారం ఉన్నది. మరొకవైపు, 2022–23 గృహ వినియోగ వ్యయ సర్వే గ్రామాలలోనూ పట్టణాలలోనూ వినియోగంలోని అంతరాలు 2011–12తో పోలిస్తే కొంత తగ్గినట్లు సూచించింది. ఈ రెండూ పరస్పర విరుద్ధాలు కావు. పేదల పళ్ళెంలో అన్నం పెరగడం, సంపన్నుల ఆస్తి అంతకంటె వేగంగా పెరగడం ఒకే కాలంలో జరగవచ్చు.

పన్నుల నిర్మాణంలో ఒక వైచిత్రి నేడు కనిపిస్తుంది. ఉద్యోగి జీతంపై అత్యున్నత శ్రేణి రేటు 30 శాతం. నమోదైన కంపెనీల వాటాలను ఏడాదికి మించి ఉంచుకొని అమ్మగా వచ్చిన లాభంపై 2004 నుండి 2018 వరకు పన్నే లేదు. 2018లో 10 శాతం వచ్చింది. 2024 జులైలో 12.5 శాతం అయింది. పెట్టుబడిని ప్రోత్సహించడం దీని ఉద్దేశం. కాని పెద్ద ఆదాయాల విషయంలో, శ్రమ వలన వచ్చిన రూపాయి కంటె సంపద వలన వచ్చిన రూపాయి తేలికైన పన్నుతో బయటపడుతున్నది. వారసత్వంగా వచ్చిన ఆస్తిపై 1985 తరువాత కేంద్ర పన్ను ఏదీ లేదు.

సంపద పన్నును మరల తేవాలా?

ఈ ప్రశ్నపై ఉభయ పక్షాల వాదాలనూ వినడం అవసరం. వద్దనేవారు చెప్పే కారణాలు తేలికైనవి కావు. మూలధనం దేశపు ఎల్లలు దాటి తేలికగా వెళ్ళిపోగలదు. మహానగరంలో పాత ఇల్లు తప్ప వేరే రాబడి లేని వృద్ధురాలికి ఆస్తి విలువను బట్టి పన్ను వేస్తే ఆమె ఇల్లు అమ్ముకోవలసి వస్తుంది. కుటుంబ వ్యాపారం తరం మారినప్పుడల్లా ముక్కలు కావచ్చు. అభివృద్ధి చెందిన దేశాల ఆర్థిక సహకార సంస్థ సభ్యదేశాలలో 1990లో 12 దేశాలకు వార్షిక సంపద పన్ను ఉండగా, 2017 నాటికి నాలుగే మిగిలాయి.

కావాలనేవారి వాదమూ బలమైనదే. వార్షిక సంపద పన్ను తగ్గినా, వారసత్వపు పన్ను అనేక దేశాలలో నిలిచి ఉన్నది. జపానులో దాని అత్యధిక రేటు 55 శాతం. బ్రిటనులో 40 శాతం. పొరుగున బంగ్లాదేశ్ నికర సంపదను బట్టి ఆదాయపు పన్నుపై సర్‌చార్జి వసూలు చేస్తున్నది. 1957లో లేని సమాచారం నేడు ఉన్నది. వాటాలు కాగితాల రూపం విడిచి ఎలక్ట్రానిక్ ఖాతాలలోకి వచ్చాయి. భూమి దస్తావేజులు కంప్యూటర్లకెక్కాయి. శాశ్వత ఖాతా సంఖ్య పెద్ద లావాదేవీలన్నిటినీ ఒక వ్యక్తికి ముడిపెడుతున్నది. కాల్డర్ కోరిన పరస్పర సాక్ష్యం ఇప్పుడు సాధ్యం. 2024లో జి–20 దేశాలకు అధ్యక్షత వహించిన బ్రెజిల్ అతిసంపన్నులపై కనీస పన్నును ప్రపంచ చర్చకు తెచ్చింది. దేశాలన్నీ కలిసి నడిస్తే ధనం పారిపోయే చోట్లు తగ్గుతాయన్నది ఆ చర్చ వెనుక ఉన్న ఆలోచన.

ఏ పక్షం వహించినా గతానుభవం ఒక హెచ్చరిక చేస్తున్నది. కొద్దిమంది మహా సంపన్నులకు వర్తించే, మినహాయింపులు లేని, మితమైన పన్ను ఒక పద్ధతి. అందరికీ వర్తిస్తుందని చెప్పి, తొంభై దారులు తెరిచి ఉంచే భారీ పన్ను వేరొక పద్ధతి. రెండవ పద్ధతిని ఈ దేశం పరీక్షించి చూసింది. మొదటి పద్ధతిని ఇంకా పరీక్షించలేదు.

వసూలైన రూపాయి ఎటు పోతుంది?

పన్ను వసూలుతో పని సగమే పూర్తవుతుంది. మిగతా సగం వ్యయంలో ఉన్నది. 1982లో తమిళనాడు విస్తరించిన మధ్యాహ్న భోజన పథకం, 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రారంభించిన కిలో రెండు రూపాయల బియ్యం పథకం, 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రజాధనం పేదవాని ఇంటికి చేరిన దారులు. ప్రభుత్వ పాఠశాల, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, త్రాగునీరు పేద కుటుంబానికి ఆస్తి వంటివే. వారసత్వంగా ఏమీ పొందని బిడ్డకు సమాజం ఇచ్చే వారసత్వం అదే. ధనికునిపై పన్ను వేసి, ఆ రాబడిని వృథా చేస్తే అసమానత తగ్గదు. పేదవాని కొనుగోళ్ళపై పన్ను వేసి, ఆ ధనంతోనే అతనికి సాయం చేస్తే, ఒక చేత్తో తీసుకొని మరొక చేత్తో ఇచ్చినట్లవుతుంది.

కాబట్టి బడ్జెట్టు వార్తలు చదివే విద్యార్థి ప్రతి పన్నును గూర్చి ఐదు ప్రశ్నలు వేసుకోవడం మంచిది. దాని రేటు ఎంత? అది ఎవరికి వర్తిస్తుంది? ఎవరికి మినహాయింపు ఉన్నది? నిజంగా వసూలైనదెంత? ఆ ధనం ఎవరి కొరకు ఖర్చయింది? మొదటి ప్రశ్నకు సమాధానం పత్రికల పతాక శీర్షికలలో దొరుకుతుంది. మిగిలిన నాలుగింటికి బడ్జెట్టు పత్రాలు, కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదికలు తిరగవేయాలి. ఇవి ఎవరైనా చదువుకోదగిన ప్రజాపత్రాలే.

1930లో గాంధీజీ చేసింది ఇటువంటి లెక్కే. పాలకుని జీతాన్ని, కూలివాని రాబడిని, ఉప్పు మీది పన్నును పక్కపక్కన పెట్టి చూశారు. ఆ లెక్క సామాన్యునికి అర్థమైంది. అర్థమైనందువల్లనే లక్షలాది ప్రజలు సముద్రతీరానికి నడిచారు. ఆనాటి పన్ను పరాయి ప్రభుత్వం వేసినది. నేటి పన్ను ప్రజలు ఎన్నుకొన్న సభలు వేసేది. అందుచేత ఆ లెక్కను సరిచూసే హక్కు, బాధ్యత ఇప్పుడు పౌరులదే.